తుప్పు పట్టిన పాత కత్తిని బాగుచేసుకోవడం: అలుగు, పిడి, పదును, ఒర

అటక మీద గోనెసంచిలోనో, పశువుల కొట్టం చూరులోనో దొరికే పాత కత్తుల్లో చాలావరకు లారీ కమాను పట్టీతో కమ్మరి కొలిమిలో సాగగొట్టినవే. అది 0.5 నుంచి 0.6 శాతం దాకా కార్బన్ ఉండే స్ప్రింగ్ ఉక్కు. తుప్పు పడుతుంది గానీ పదును బాగా నిలుస్తుంది, అంత సులువుగా విరగదు, ఇంట్లోనే సానరాయి మీద నూరుకోవచ్చు. బజార్లో దొరికే పలచటి స్టెయిన్‌లెస్ కత్తి కంటే చాలా పనుల్లో ఇదే మేలు. అందుకే పాత ఇనుప సామాన్ల వాడికి కిలోల లెక్కన వేసేముందు ఒక ఆదివారం దానికి కేటాయించండి.

ఇక్కడ చెబుతున్నది 6 నుంచి 8 అంగుళాల అలుగు (బ్లేడు) ఉండి, పిడిలోకి కూడా అదే వెడల్పుతో ఇనుము వెళ్ళి, దానికి రెండు పక్కలా చెక్క బద్దలు రివెట్లతో బిగించిన కత్తి గురించి. కొడవలిలా సన్నటి తోక పిడి లోపలికి దిగి, పైన పొన్ను (ఇనుప కట్టు) వేసిన రకానికి పిడి పని వేరు. దాని గురించి చివర్లో కొంచెం ఉంది.

ఒక్క మాట ముందే. రుద్దేసిన లోహం తిరిగి రాదు. ఈ పనిలో పాడయ్యే కత్తులన్నీ రెండే కారణాలతో పాడవుతాయి: ఎక్కువ లోహం తీసేయడం, ఎక్కువ వేడి తగలడం. కింద చెప్పే ప్రతి పద్ధతీ ఈ రెండింటి నుంచి కాపాడుకోవడానికే.

మొదలుపెట్టే ముందు చూడాల్సినవి

మొదట, అది ముట్టుకోకూడని వస్తువేమో చూడండి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కుతో చేసిన ఆయుధాలకు అలుగు మీద నీటి అలల్లాంటి సన్నటి చారలు కనిపిస్తాయి. అలాంటి చారలున్నా, పిడి మీద వెండి బంగారు తీగ పని ఉన్నా, మూడు నాలుగు తరాల నాటి ఆయుధమని ఇంట్లో చెప్పుకుంటున్నా సాండ్‌పేపర్ తాకించకండి. పొడి గుడ్డతో తుడిచి, పలచగా నూనె రాసి, తెలిసినవాళ్ళకు చూపించండి. ఒక్కసారి రుద్దితే చారలూ పోతాయి, విలువా పోతుంది.

తర్వాత ఉక్కు రకం. అలుగు మీద ఒక చోట తుప్పు గీకి, నూనె లేకుండా తుడిచి ఒక చుక్క నిమ్మరసం వేసి 20 నిమిషాలు వదిలేయండి. బూడిదరంగు మచ్చ పడితే కార్బన్ ఉక్కు, మచ్చ లేకపోతే స్టెయిన్‌లెస్. కింద చెప్పిన ఆమ్లాల పద్ధతులన్నీ కార్బన్ ఉక్కుకే.

మూడోది గట్టిదనం. కొత్త ఆకురాయి (ఫైలు) అంచును కత్తి పదును వైపు ఆనించి మెల్లగా తోయండి. జారిపోతే పదును భాగం గట్టిగానే ఉంది. వెన్నలో దిగినట్టు కొరికేస్తే ఆ భాగం మెత్తబడిపోయింది. పొయ్యిలో పడ్డ కత్తులు, సైకిల్ మీద సాన చక్రం తిప్పేవాళ్ళ దగ్గర నీళ్ళు లేకుండా చాలాసార్లు పట్టించిన కత్తులు ఇలా అవుతాయి. వాటి సంగతి కింద వేరే చెప్పాం.

ఇక పగుళ్ళు. తుప్పు కింద పగులు కంటికి కనిపించదు. తుప్పు తీశాక అలుగంతా కిరోసిన్ రాసి పావుగంట వదిలేయండి. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసి, పైన సుద్దపొడి పలచగా చల్లండి. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ సుద్దను తడిపి, వెంట్రుక లాంటి నల్లటి గీత తేలుతుంది. పదును దగ్గర 2, 3 మి.మీ. పగులైతే అంతమేరకు అరగదీసి వాడుకోవచ్చు. వీపు (పదునుకు ఎదురుగా ఉండే మందపాటి అంచు) దాకా పాకిందా, లేక అలుగు పిడిని కలిసే చోట అడ్డంగా ఉందా, ఆ కత్తిని బరువు పనికి వాడకండి. గొడ్డలిలా కొడితే అక్కడే విరుగుతుంది.

కావలసినవి

సాండ్‌పేపర్: 80, 120, 220, 320, 400, 600 నంబర్లు, ఒక్కోటి రెండేసి షీట్లు. 220 పైన ఉన్నవి నీటితో వాడే నల్లరకం తీసుకోండి. నిమ్మ ఉప్పు 100 గ్రాములు, వంటసోడా ఒక ప్యాకెట్, అసిటోన్ 100 మి.లీ., పాత టూత్‌బ్రష్, ఒక చదునైన ఆకురాయి, రాస్ప్ (కొయ్యను గీకే ముతక ఆకురాయి), రెండు సి-క్లాంపులు, చేతి డ్రిల్లు, 5 మి.మీ. బిట్టు, 5 మి.మీ. ఇత్తడి కడ్డీ ఒక జానెడు, మామూలు అరాల్డైట్ జిగురు. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు, అది తడికి త్వరగా వదులుతుంది. పిడికి చెక్క, పూతకు అవిసె నూనె, పదునుకు ఒక వైపు గరుకుగా, రెండో వైపు నున్నగా ఉండే కార్బొరండం రాయి. వీలైతే 1000 నంబరు నీటి సానరాయి కూడా.

యాంగిల్ గ్రైండర్ ఈ జాబితాలో లేదు, కావాలనే. పలచటి అంచు మీద గ్రైండర్ చక్రం రెండు సెకన్లు ఎక్కువ నిలిస్తే చాలు, నీలం రంగు తేలుతుంది. అంటే అక్కడ వేడి 300 డిగ్రీల దగ్గరకు వెళ్ళినట్టు. గట్టిపరిచిన ఉక్కు 200 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచీ మెత్తబడుతూ పోతుంది. లేత గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం ఆ వరుసలోనే కనిపిస్తాయి. నీలాన్ని సాండ్‌పేపర్‌తో తుడిచేయొచ్చు గానీ పోయిన గట్టిదనం తుడిస్తే రాదు. డ్రిల్లుకు బిగించే తీగ బ్రష్‌లది ఇంకో ప్రమాదం: అలుగు అంచు బ్రష్‌కు తగులుకుంటే కత్తిని చేతిలోంచి లాగి విసిరేస్తుంది.

పాత పిడి తీయడం

ముందు పదునుకు రెండు పొరలు మందపాటి టేప్ వేయండి. మొద్దుబారిన కత్తి కదా అని వదిలేస్తే, పట్టు జారినప్పుడు ఆ మొద్దు అంచే లోతుగా కోస్తుంది.

రివెట్ తల మధ్యలో పంచ్‌తో చిన్న గుంట కొట్టి, 3 మి.మీ. బిట్టుతో మొదలుపెట్టి, తర్వాత రివెట్ మందానికి సరిపడే బిట్టుతో తల ఊడేవరకు తొలవండి. మిగిలిన ముక్కను సన్నటి మేకుతో కింది నుంచి కొడితే బయటికి వస్తుంది. బద్దలను పలకలుగా చీల్చేయకండి. ఎంత పాడైనా ఒక బద్ద రూపం మిగలాలి, కొత్త పిడికి కొలత అదే.

ఇప్పుడు బయటపడ్డ ఇనుమును జాగ్రత్తగా చూడండి. కత్తిలో అన్నిటికంటే ఎక్కువ తిన్న చోటు ఇదే. బద్దకూ ఇనుముకూ మధ్య సందులో నీళ్ళు, ఉప్పు, కూరల రసం ఏళ్ళ తరబడి నిలుస్తాయి. గాలి ఆడక ఆరవు. పొరలు పొరలుగా లేచిన తుప్పును పాత స్క్రూడ్రైవర్‌తో గీకేసి మిగిలిన మందం కొలవండి. 2 మి.మీ. పైన గట్టి ఇనుము ఉంటే నిశ్చింతగా ముందుకు వెళ్ళవచ్చు. అంతకంటే తక్కువైతే కూరగాయల పనికే ఉంచుకోండి.

తుప్పు తీయడం

ఎర్రగా పొడిలా రాలే తుప్పు ఒకటి, నల్లగా అంటుకుపోయిన పొర ఒకటి. మొదటిది తేమను పట్టి ఉంచి లోపలికి తింటూ పోతుంది, అది పోవాల్సిందే. రెండోది ఇనుముకు కొంత కాపుదల. దాన్ని పూర్తిగా తీసి తళతళలాడించాలన్న పట్టుదల వద్దు.

తేలికపాటి తుప్పుకు కిరోసిన్ రాసి ఒక పూట నానబెట్టి, ఉల్లిపొర లాంటి సన్నటి స్టీల్ ఊలుతో రుద్దితే చాలు. మందంగా ఉంటే నిమ్మ ఉప్పు వాడండి. లీటరు గోరువెచ్చని నీళ్ళలో 50 గ్రాములు కరిగించి, అలుగంతా మునిగేలా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. సగం మునిగి సగం తేలితే నీటి మట్టం దగ్గర ఒక గీత పడి, అక్కడ లోహం ఎక్కువ తింటుంది. ప్రతి అరగంటకు బయటికి తీసి టూత్‌బ్రష్‌తో రుద్దండి. నల్లటి మసి వస్తుంది. అది తుప్పు కాదు, ఆమ్లం వదిలిన కార్బన్ పొర. మామూలుగా గంట నుంచి మూడు గంటల్లో పని అవుతుంది. వంటింటి వెనిగర్ కూడా పనిచేస్తుంది, కాకపోతే సమయం ఎక్కువ పడుతుంది. చింతపండు గుజ్జు మందంగా పట్టించినా తుప్పు వదులుతుంది గానీ ఎక్కడ ఎంత తిన్నదో కనపడదు.

రాత్రంతా వదిలేసి పొద్దున చూద్దామనుకోవద్దు. తుప్పు అయిపోయాక ఆమ్లం ఉక్కునే తింటుంది, గట్టిగా ఉన్న పలచటి అంచు పెళుసుబారే అవకాశమూ ఉంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ అసలే వద్దు. దాని ఆవిరి ఒక్కటే ఆ గదిలో ఉన్న మిగతా పనిముట్లన్నిటికీ తుప్పు పట్టిస్తుంది.

ఆమ్లం నుంచి తీసిన వెంటనే మంచినీళ్ళతో కడిగి, లీటరుకు ఒక టేబుల్ స్పూను వంటసోడా కలిపిన నీళ్ళలో ఐదు నిమిషాలు ముంచండి. చివర్లో బాగా వేడిగా ఉన్న నీళ్ళు పోస్తే అలుగు వేడెక్కి క్షణాల్లో తనంతట ఆరిపోతుంది. వెంటనే నూనె రాయండి. ఇక్కడ పది నిమిషాలు ఆలస్యం చేస్తే అలుగు నిండా లేత నారింజరంగు తుప్పు మళ్ళీ పూస్తుంది. కొత్తగా చేసేవాళ్ళు ఎక్కువమంది తడబడేది ఈ ఒక్క చోటే. ఆమ్లం పనిచేయలేదనుకొని మళ్ళీ ముంచుతారు.

మెత్తబడిన అలుగు, వంగిన అలుగు, విరిగిన మొన

ఆకురాయి కొరికిన కత్తికి మళ్ళీ గట్టిదనం ఎక్కించాలంటే కొలిమి కావాలి. పిడి లేకుండా ఉన్న ఈ దశలోనే అది చేయించాలి. కమ్మరి దగ్గరకు తీసుకెళ్ళి, పదును భాగం అయస్కాంతానికి అంటనంత వేడి, అంటే సుమారు 770 డిగ్రీలు దాటాక నూనెలో ముంచమని చెప్పండి. ముదురు ఎరుపు తిరిగి చెర్రీపండు రంగులోకి వచ్చే సమయం అది. నీళ్ళలో ముంచితే కమాను ఉక్కు పలచటి అంచు దగ్గర టిక్కుమని పగలవచ్చు. నూనె కూడా చల్లగా వద్దు, 50, 60 డిగ్రీల వెచ్చదనంలో ఉంటే చక్కగా పారి సమంగా చల్లారుస్తుంది. ఆ తర్వాత అలుగు గాజులా పెళుసుగా ఉంటుంది, కింద పడేయకండి. ఇంట్లో ఓటీజీ ఓవెన్ ఉంటే అదే రోజు 200 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు కాల్చి, మధ్యలో పూర్తిగా చల్లారనివ్వండి. ఓవెన్ మరమీద అంకెను నమ్మకుండా లోపల థర్మామీటర్ పెట్టి చూసుకోండి.

అలుగు కొంచెం వంగి ఉంటే వైస్‌లో మూడు చెక్క ముక్కల మధ్య పెట్టి నెమ్మదిగా ఎదురు వంచండి. ఒకవైపు రెండు ముక్కలు ఎడంగా, రెండోవైపు మధ్యలో ఒకటి. నిటారు దాటి కాస్త అవతలికి వంచితేనే వదిలాక నిటారుకు వస్తుంది. గట్టిగా ఉన్న అలుగును సుత్తితో కొట్టవద్దు.

మొన విరిగితే అందరూ చేసే పొరపాటు పదును వైపు అరగదీసి మొన తేల్చడం. అలా చేస్తే పదును గీత పైకి లేచి, కోసేటప్పుడు మొన బల్లకు ఆనదు. వీపు వైపు నుంచి కిందికి వంపుగా అరగదీయండి. ఉన్న పదును అలాగే ఉండి, కొత్త మొన దాని మీదకే దిగుతుంది. రాయి మీద నీళ్ళు పోస్తూ చేయండి. వేలికి వెచ్చగా తగిలిందంటే ఆపి నీళ్ళలో ముంచండి.

అలుగు నునుపు చేయడం

అలుగును ఒక చెక్కపలక మీద సి-క్లాంప్‌తో బిగించండి. సాండ్‌పేపర్‌ను వేలితో నొక్కి రుద్దితే వేలి కింద పల్లాలు పడతాయి, అక్షరాలు, కమ్మరి ముద్ర అంచులు అరిగిపోతాయి. సబ్బుబిళ్ళంత గట్టి చెక్కముక్కకు కాగితం చుట్టి, కిరోసిన్ గానీ సబ్బునీళ్ళు గానీ వేసుకుంటూ రుద్దండి.

తుప్పు గుంటలు లోతుగా ఉంటే 120తో, లేకపోతే 220తో మొదలు. ప్రతి నంబరుకూ దిశ మార్చండి: 120 నిలువుగా అయితే 220 ఏటవాలుగా, 320 మళ్ళీ నిలువుగా. పాత నంబరు గీతలు పూర్తిగా పోయాయా లేదా అన్నది అప్పుడే కనిపిస్తుంది. 220 గీత ఒకటి మిగిలిపోయి 600కు వెళ్తే, ఆ గీత అద్దంలో జుట్టులా మెరుస్తుంది, మళ్ళీ వెనక్కి రావాలి. ఆఖరి నంబరు దగ్గర ముందుకూ వెనక్కీ ఆడించకండి. పిడి నుంచి మొన వైపు ఒకే దిశలో, ఆగకుండా, ప్రతి రెండు మూడు లాగులకు కాగితం కొత్త చోటుకు జరుపుతూ లాగండి. మధ్యలో ఆపితే ఆగిన చోట కొక్కెం ఆకారంలో గీత మిగులుతుంది.

పనిచేసే కత్తికి 400 చాలు. అద్దంలా మెరిపించాలంటే 2000 దాకా వెళ్ళొచ్చు గానీ మొదటి ఉల్లిపాయ కోసేసరికే ఆ మెరుపు మీద మచ్చలు పడతాయి. గుంటల సంగతి కూడా అంతే. అర మిల్లీమీటరు లోతు గుంట పోవాలంటే అలుగు రెండు వైపులా అంత మందం మొత్తంగా తీసేయాలి. పదును దగ్గర 5 మి.మీ. మేర గుంటలు లేకుండా చూసుకోండి, ఎందుకంటే నూరినప్పుడు అవి అంచు మీదకు వచ్చి పంటిగాట్లలా తేలతాయి. వీపు వైపు ఉన్నవాటిని ఉండనివ్వండి. అవి కత్తి వయసుకు గుర్తులు. తీసేసి సాధించేది ఏమీ లేదు.

ఇప్పుడు రంగు. కార్బన్ ఉక్కుకు బూడిద, నలుపు రంగు పొర ముందుగానే ఎక్కిస్తే ఎర్ర తుప్పు పట్టడం తగ్గుతుంది. అలుగును గిన్నెల సబ్బుతో కడిగి, అసిటోన్‌తో తుడిచి, చేత్తో ముట్టుకోకుండా వేడి వెనిగర్‌లో పది నిమిషాలు ముంచి, కడిగి, తుడిచి, మళ్ళీ ముంచండి. మూడుసార్లకు సమమైన బూడిదరంగు వస్తుంది. వేలిముద్ర పడ్డ చోట రంగు ఎక్కదు. మామిడికాయలు కోసే కాలంలో ఈ పొర బాగా పనికొస్తుంది. కొత్తగా రుద్దిన ఇనుప కత్తితో పుల్లటి కాయ కోస్తే కాయలోని వగరు ఇనుముతో కలిసి ముక్క నల్లబడుతుంది. రంగు పట్టిన అలుగుతో ఆ నలుపు బాగా తగ్గుతుంది.

కొత్త పిడి

మీ చేతికి తగ్గట్టు కత్తిని మార్చుకునే అవకాశం అసలు ఇక్కడుంది. అందుకే దీనికి కొంచెం ఎక్కువ సమయం ఇవ్వండి.

చెక్క: నల్లతుమ్మ, చింత చేవ, జిట్రేగి, టేకు, ఇవన్నీ బాగుంటాయి. పనిముట్ల పిడులకు నల్లతుమ్మ ఊరికే వాడలేదు, దెబ్బలకు చీలదు. ఏ చెక్కయినా చేవ భాగమే తీసుకోండి. బెరడు పక్కన ఉండే తెల్లటి భాగం పురుగు పడుతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి లాంటి తేలిక చెక్క పిడికి పనికిరాదు, గోరు నొక్కినా దిగుతుంది. విరిగిన మంచం కోడు, పాత కిటికీ చట్రం ముక్క దొరికితే అంతకంటే మంచిది లేదు, ఏళ్ళ తరబడి ఎండి ఉంటుంది. పచ్చి చెక్కతో వానాకాలంలో పిడి వేస్తే ఎండాకాలానికి ముడుచుకొని ఇనుము అంచులు బయటికి పొడుచుకొస్తాయి. జిట్రేగి పొడి ఊపిరికి, చర్మానికి పడదు, మాస్క్ తప్పనిసరి.

కొలత: నాలుగు వేళ్ళ వెడల్పుకు ఇంకొంచెం కలిపితే పిడి పొడవు. చాలామందికి 11 నుంచి 12.5 సెం.మీ. మధ్య వస్తుంది. బద్ద ఒక్కోటి 10 మి.మీ. మందం, పాత పిడి కంటే చుట్టూ 3 మి.మీ. పెద్దగా కోయించండి. చెక్క నార పిడి పొడవునా పోవాలి. ఏటవాలుగా ఉంటే రివెట్ దగ్గర చీలుతుంది.

బద్ద లోపలి ముఖాన్ని గాజు పలక మీద పరిచిన 120 కాగితంపై రుద్ది చదును చేయండి. ఇనుముకు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుతురు రాకూడదు. ఒక బద్దను ఇనుముకు క్లాంప్ చేసి, ఉన్న రంధ్రాల గుండా 5 మి.మీ. బిట్టు దింపండి. కింద పనికిరాని చెక్క పెట్టకపోతే బిట్టు బయటికి వచ్చే చోట చెక్క పెచ్చులు లేస్తాయి. మొదటి రంధ్రంలో ఇత్తడి ముక్క గుచ్చి, ఆ తర్వాతే రెండోది తొలవండి, లేకపోతే జరుగుతుంది. ఆ పైన రెండో బద్ద. ముందు రివెట్ పిడి ముందంచుకు కనీసం 12 మి.మీ. దూరంలో ఉండాలి.

అంటించక ముందే ఒక పని పూర్తి కావాలి: అలుగు వైపు ఉండే బద్దల ముందంచులను వంపు తీర్చి 400 దాకా నునుపు చేసి ఉంచండి. అంటించాక అక్కడ ఆకురాయి పెడితే అలుగు మీద గీతలు తప్పవు. బద్దకూ ఇనుముకూ మధ్య ఎర్ర లేదా నల్ల ఫైబర్ షీటు 0.8 మి.మీ.ది పెడితే చూడ్డానికి సన్నటి గీతలా అందంగా ఉంటుంది, కొలతల్లో చిన్న తేడాలనూ కప్పేస్తుంది.

అంటించే రోజు అలుగు మొత్తానికి టేప్ చుట్టండి. ఇనుమును, బద్దల లోపలి ముఖాలను 80 కాగితంతో గరుకు చేసి అసిటోన్‌తో తుడవండి. టేకు, జిట్రేగిలలో సొంత నూనె ఉంటుంది, తుడిచిన పది నిమిషాల్లోపే అంటించాలి. అరాల్డైట్ రెండు ట్యూబులూ సమంగా తీసుకొని రెండు నిమిషాలు బాగా కలపండి. సగం కలిసిన జిగురు ఎప్పటికీ గట్టిపడదు. రెండు వైపులా రాసి, ఇత్తడి ముక్కలు దింపి, క్లాంప్ వేయండి. బలమంతా పెట్టి బిగించకండి, జిగురంతా బయటికి పోయి లోపల ఏమీ మిగలదు. అంచుల వెంట సన్నటి పూసలా జిగురు రావడం చాలు. ముందంచు దగ్గర కారిన జిగురును అసిటోన్ తడిపిన దూదితో అప్పుడే తీసేయండి. 24 గంటలు కదిలించవద్దు.

తర్వాత రాస్ప్‌తో ఆకారం. అడ్డంగా కోస్తే పిడి కోడిగుడ్డు ఆకారంలో కనిపించాలి, సన్నటి వైపు కింద. గుండ్రటి పిడి తడిచేతిలో తిరిగిపోతుంది. గుడ్డు ఆకారమైతే చూడకుండానే పదును ఎటుందో చేతికి తెలుస్తుంది. మొత్తం మందం మధ్యలో 22 మి.మీ. దగ్గర ఆపి పట్టుకొని చూడండి. బొటనవేలి మొదట్లో ఎక్కడైనా ఒత్తుకుంటే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి అంతమేరకే తీయండి. చివర చిటికెన వేలి దగ్గర కొంచెం ఉబ్బు ఉంచితే చేయి జారదు. ఇత్తడి కొనలను ఒక మి.మీ. ఎత్తు వదిలి కోసి, చిన్న సుత్తితో చుట్టూ తేలికగా తట్టి తల పరచండి. గట్టిగా రెండు దెబ్బలు వేస్తే బద్ద చీలుతుంది. పని నిలబెట్టేది జిగురే, రివెట్ పక్కకు జరగకుండా కాపాడుతుంది అంతే. ఇత్తడిని సాండ్‌పేపర్‌తో గబగబా రుద్దితే వేడెక్కి చుట్టూ చెక్క మాడి నల్లటి వలయం పడుతుంది.

120, 220, 400 వరసగా రుద్దాక తడిగుడ్డతో పిడిని తుడవండి. ఆరాక చెక్క నూగు లేచి గరుకవుతుంది. మళ్ళీ 400తో తేలిగ్గా తీసేయండి. ఇది చేయకపోతే మొదటిసారి కడిగినప్పుడే పిడి గరుకెక్కుతుంది. ఆపైన అవిసె నూనె. హార్డ్‌వేర్ షాపులో దొరికే కాచిన రకం రోజులో ఆరుతుంది, పచ్చిది వారాలు తీసుకుంటుంది. పలచగా రాసి పావుగంట తర్వాత మిగిలింది తుడిచేయాలి. రోజుకొకటి చొప్పున నాలుగైదు పూతలు. కొబ్బరినూనె, వేరుశనగ నూనె ఆరే రకాలు కావు, జిడ్డుగా ఉండి ముక్క వాసన వేస్తాయి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట అంటుకుంటుంది. నీళ్ళలో ముంచండి, లేదా ఆరుబయట విప్పి ఆరేయండి.

తోక రకం కత్తికి మాత్రం పిడిని కొసన 3 సెం.మీ. సన్నగా చేసి ఇనుప పొన్ను బిగుతుగా ఎక్కించి, తోక పొడవుకు తొలిచి, రంధ్రంలో అరాల్డైట్ నింపి దింపండి. పాత పద్ధతిలో లక్క కరిగించి పోసేవారు. అది వేడికి మళ్ళీ వదులుతుంది గనక తర్వాత ఎవరైనా పిడి మార్చాలనుకున్నప్పుడు సులువు.

పదును

అన్నీ అయ్యాకే టేప్ విప్పి పదును పెట్టాలి. అంచు మీద గండ్లు ఉంటే ముందు కత్తిని రాయి మీద నిటారుగా, రొట్టె కోస్తున్నట్టు నడిపి గండ్లు పోయేదాకా అంచును సమం చేయండి. మనసుకు కష్టంగా ఉంటుంది గానీ ఇది చేయకుండా ఒక్కో గండిని విడిగా అరగదీస్తే అంచు అలలు తిరుగుతుంది.

కోణం: కూరగాయలకు ఒక్కో వైపు 15 నుంచి 18 డిగ్రీలు, మాంసం, కొబ్బరి, తోట పనికి 20 నుంచి 25. కమాను ఉక్కుకు 20 మంచి మధ్యస్థం. కొలవడం తేలికే: అలుగు వెడల్పు 4 సెం.మీ. అయితే వీపు రాయి మీదనుంచి 1.4 సెం.మీ. ఎత్తులో ఉన్నప్పుడు 20 డిగ్రీలు, 1 సెం.మీ. దగ్గర 15 డిగ్రీలు. అంచు వెంట స్కెచ్ పెన్నుతో రంగు పూసి రెండుసార్లు నూరి చూడండి. రంగు అంచు చివర పోతే కోణం సరే. పైన మాత్రమే పోతే వీపు ఇంకొంచెం ఎత్తాలి.

రాయి గరుకు వైపు మీద కత్తిని ఒకే పక్క నూరుతూ ఉండండి, రెండో పక్క అంచు వెంట గోరుకు తగిలే సన్నటి మడత మొన నుంచి పిడి దాకా లేచేవరకు. ఎక్కడైనా తగలకపోతే అక్కడ ఇంకా అంచు కలవలేదు. నూరినా పదును రావడంలేదనేవాళ్ళలో ఎక్కువమంది ఈ మడత రాకముందే రెండో పక్కకు తిప్పేస్తారు. వచ్చాక తిప్పి అవతలి వైపు అలాగే చేయండి. తర్వాత రాయి నున్నటి వైపు, ఆపైన 1000 రాయి, ప్రతిసారీ ఒత్తిడి తగ్గిస్తూ. చివర పాత తోలు బెల్టు గరుకు వైపు, వీపు ముందుండేలా పదిసార్లు లాగితే మడత ఊడిపోతుంది. రాయి మధ్యలో పల్లం పడి ఉంటే ఏ కోణమూ నిలవదు. నాపరాతి బండ మీద ఇసుక, నీళ్ళు వేసి రాయిని రుద్ది చదును చేసుకోండి. పదును చూడ్డానికి బొటనవేలు వద్దు, పండిన టమాట తొక్క మీద బరువు పెట్టకుండా లాగి చూడండి.

ఒర, నిల్వ

3 మి.మీ. తోలు తీసుకొని, పదును వైపు అంచు వెంట లోపల 1 సెం.మీ. వెడల్పు తోలు పట్టీ ఒకటి అదనంగా పెట్టి, మూడు పొరలనూ కలిపి 4 మి.మీ. దూరంలో కుట్లు వేయండి. ఆ పట్టీ లేకపోతే కత్తి దూర్చిన ప్రతిసారీ కుట్టుదారం తెగుతుంది. ఒర తీసుకెళ్ళడానికే, దాచడానికి కాదు. తోలు తేమ పట్టి ఉంచుతుంది. వానాకాలం అంతా ఒరలో ఉన్న కత్తి చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది.

ఆకారం మార్చేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. 2016 నాటి ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్న కత్తులు ఆయుధాల కింద ఉన్నాయి, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి మినహా. బాకులు కూడా ఆ జాబితాలోనివే. పొలం కత్తిని రెండు వైపులా పదునుతో బాకులా మార్చితే ఆ మినహాయింపు పోతుంది.

వాడిన వెంటనే కడిగి, తుడిచి, గాలి తగిలే చోట పెట్టండి. సింకులో నానబెట్టకండి. వంటకు వాడే కత్తికి మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ రెండు చుక్కలు చాలు, పాచిపట్టదు, వాసన రాదు. కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో వారానికొకసారి రాయాలి, లోపలి జిల్లాల్లో నెలకొకసారి సరిపోతుంది. పిడికి ఏడాదికొక పూత అవిసె నూనె, వానలు మొదలయ్యేముందు.